అమ్మానాన్నల మందులకి మెడికేర్ పార్ట్ డి: ముందు మందుల డబ్బా బోర్లించండి

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో 65 దాటిన పెద్దవాళ్లున్న ఇళ్లకి మెడికేర్, అంటే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ప్లాన్ల పోస్ట్ వరదలా వస్తుంది. "జీరో ప్రీమియం" అని ఒక కవరు, "మీ ఏరియాలో నంబర్ వన్" అని ఇంకో కవరు, ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో నాన్న ప్రతి కవరునీ ప్రభుత్వం నుంచి వచ్చిందనుకుని ఫైల్లో దాస్తారు, నేను తీసి చెత్తబుట్టలో పడేస్తాను, మధ్యలో అమ్మ ఒకటే అడుగుతుంది: "ఇంతకీ నా షుగరు మాత్రకి నెలకి ఎంతవుతుందిరా?"

అసలు ప్రశ్న అదే. దానికి జవాబు ఆ కవర్లలో ఒక్కదాంట్లోనూ ఉండదు.

మొదటి ఏడాది నేను కూడా ప్రీమియం తక్కువని ఒక ప్లాన్‌లో నాన్నని చేర్పించేశాను. జనవరిలో రక్తం పలచబడే మాత్ర తేవడానికి వెళ్తే కౌంటర్ దగ్గర చెప్పిన అంకె విని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. డిడక్టిబుల్, అంటే ప్లాన్ డబ్బివ్వడం మొదలుపెట్టే ముందు మనమే కట్టాల్సింది, మొత్తం ఆ మందు మీదే పడింది, పైగా మేం ఎప్పుడూ వెళ్లే షాపు ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న "ప్రిఫర్డ్" ఫార్మసీ కాదట. ప్రీమియంలో మిగిలిందనుకున్నది రెండు నెలల్లో పోయింది. అప్పటి నుంచి నా పద్ధతి మారింది, ముందు మందుల జాబితా, ఆ తర్వాతే ప్లాన్. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది. అంకెలు 2026వి, వేరే ఏడాదివి అయితే అక్కడే చెబుతాను.

1. అసలు అర్హత ఉందా?

పార్ట్ డి అంటే మెడికేర్‌లో మందుల భాగం. 2003లో చట్టం చేశారు, 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నియమాలు ప్రభుత్వానివి, డబ్బులో పెద్ద భాగం ప్రభుత్వానిదే, కానీ ప్లాన్లు నడిపేది ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు. అందుకే ఒకే మందుకి, ఒకే ఊళ్లో, రెండు ప్లాన్లలో రెండు ధరలు ఉంటాయి. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాది సులువు.

ఇక్కడ పదేళ్ల పాటు పని చేసి టాక్స్ కట్టినవాళ్లకి, అంటే 40 క్వార్టర్లు నిండినవాళ్లకి, 65 రాగానే ఆసుపత్రి భాగమైన పార్ట్ ఎ ఉచితంగా వస్తుంది. 90ల్లో హెచ్1బి మీద వచ్చిన మనవాళ్లు చాలామంది ఇప్పుడు ఈ వయసుకి చేరుతున్నారు, వాళ్లకి ఇక్కడ ఇబ్బందేం లేదు.

చిక్కంతా గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలతోనే. వాళ్లకి 65 నిండాలి, గ్రీన్ కార్డు ఉండాలి, అమెరికాలో ఐదేళ్లు ఎడతెగకుండా నివాసం ఉండాలి. అప్పుడు డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. పార్ట్ ఎ కి పని క్వార్టర్లు ఏమీ లేకపోతే నెలకి 565 డాలర్లు, డాక్టర్ ఖర్చుల పార్ట్ బి కి 202.90. మీరు ఇరవై ఏళ్లుగా కడుతున్న మెడికేర్ టాక్స్ వాళ్ల లెక్కలోకి రాదు, అది మీ ఖాతా. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి మెడికేర్ అనే మాటే లేదు, ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మకండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పార్ట్ డి తీసుకోవడానికి ఎ, బి రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు. అంటే నెలకి 565 భరించలేక ఒక్క పార్ట్ బి మాత్రమే తీసుకున్నా మందుల ప్లాన్ దొరుకుతుంది. ఆసుపత్రిలో చేరితే బిల్లు ఎవరు కడతారన్నది వేరే పెద్ద టెన్షన్, అది చూసుకునే నిర్ణయించండి. మందుల వరకు మాత్రం దారి మూసుకుపోలేదు.

ఐదేళ్ల లెక్కకి పాస్‌పోర్టులో ముద్రలు, పాత టికెట్లు దాచి పెట్టండి. మనవాళ్లు మనవడి అన్నప్రాశనకని ఇండియా వెళ్లి ఎనిమిది నెలలకి తిరిగొస్తుంటారు కదా, అలాంటి చోటే సోషల్ సెక్యూరిటీ ఆఫీసువాళ్లు ప్రశ్నలు వేస్తారు.

2. రెండు దారులు, ఒక గొయ్యి

ఒకటి, మామూలు మెడికేర్ ఉంచుకుని దాని పక్కన విడిగా ఒక మందుల ప్లాన్ కొనుక్కోవడం. రెండు, మెడికేర్ అడ్వాంటేజ్ అనే ప్రైవేటు ప్లాన్‌లో చేరడం, అందులో డాక్టరు, ఆసుపత్రి, చాలావరకు మందులు అన్నీ కలిసే ఉంటాయి. ఈ రెండో దానికి ఎ, బి రెండూ ఉండి తీరాలి, కాబట్టి పార్ట్ బి ఒక్కటే ఉన్నవాళ్లకి మొదటి దారే గతి.

గొయ్యి ఏమిటంటే, హెచ్‌ఎంఓ, పీపీఓ తరహా (డాక్టర్ల నెట్‌వర్క్‌తో నడిచే) అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్నవాళ్లు "మందులకి ఇంకోటి చవగ్గా ఉంది" అని విడి ప్లాన్ కొంటే, అడ్వాంటేజ్ ప్లాన్ నుంచి దానంతటదే పేరు కొట్టేస్తారు. అడిగి మరీ కొట్టేయరు. రెండూ కలిపి పెట్టుకోవడం కుదరదని అప్పుడు తెలుస్తుంది.

మెడిగ్యాప్, అంటే మామూలు మెడికేర్ కట్టగా మిగిలిన ఖర్చు భరించే విడి పాలసీ, ఉంది కదా మందులకి అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2006 నుంచి అమ్మే మెడిగ్యాప్ పాలసీల్లో మందులు ఉండవు.

3. ఎప్పుడు చేరాలి

65వ పుట్టినరోజు పడే నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలలు మొదటి గడువు. 65 దాటాక ఐదేళ్ల నివాసం పూర్తయ్యేవాళ్లకి ఆ ఐదేళ్లు నిండే నెల చుట్టూ ఇదే ఏడు నెలల లెక్క. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా అందరికీ మార్చుకునే వీలుంటుంది, కొత్త ప్లాన్ జనవరి 1 నుంచి మొదలు. అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్లకి జనవరి 1 నుంచి మార్చి 31 లోపు ఇంకో అవకాశం.

"మా నాన్న నిక్షేపంగా ఉన్నారు, ఒక్క మాత్ర కూడా వేసుకోరు, ఇప్పుడెందుకు దండగ" అనే మాట నేను ప్రతి గెట్‌టుగెదర్‌లో వింటాను. గడువు అయ్యాక, పార్ట్ డి గానీ దానికి సరితూగే మరో మందుల కవరేజీ గానీ లేకుండా వరసగా 63 రోజులు దాటితే జరిమానా మొదలవుతుంది. ఆలస్యమైన ప్రతి నెలకీ జాతీయ బేస్ ప్రీమియంలో 1 శాతం. ఆ బేస్ 38.99 డాలర్లు. 14 నెలలు ఆలస్యమైతే 14 శాతం, అంటే సుమారు 5.50 డాలర్లు, ప్రతి నెలా ప్రీమియం మీద అదనం, పార్ట్ డి ఉన్నన్నాళ్లూ. పైగా బేస్ ప్రీమియం ఏటా మారుతుంది కాబట్టి ఇదీ దాంతో పాటు కదులుతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ 66 ఏళ్లప్పుడు చేసిన పొదుపుకి 90 ఏళ్లదాకా కడుతూ ఉండాలి. మందులేమీ లేనివాళ్లకి నా సలహా, మీ ఊళ్లో అన్నిటికన్నా తక్కువ ప్రీమియం ఉన్న విడి ప్లాన్ తీసుకుని పడుండనివ్వండి. ఆ ఒక్క సందర్భంలో మాత్రం ప్రీమియం చూసి ఎంచుకోవడం సరైనదే.

ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లకి, కంపెనీ మందుల కవరేజీ మెడికేర్‌కి సరితూగేదేనా కాదా అని ఏటా అక్టోబర్ 15 లోపు ఒక కాగితం రావాలి. రాకపోతే హెచ్‌ఆర్‌ని అడిగి తీసుకోండి, పారేయకండి, ఏళ్ల తర్వాత జరిమానా తప్పించేది ఆ కాగితమే. రిటైరయ్యాక పార్ట్ బి కి ఎనిమిది నెలల టైముంటుంది, అదే ధీమాతో మందుల ప్లాన్ కూడా వాయిదా వేస్తారు. మందులకి మాత్రం ఆ 63 రోజుల లెక్కే.

4. డబ్బా బోర్లించండి

ఇది తొందరపడి చేసే పని కాదు, ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి.

మా అమ్మ మందుల డబ్బా ఒక పాత స్టీలు మరమరాల డబ్బా. బోర్లిస్తే ఇండియా నుంచి తెచ్చిన స్ట్రిప్పులు, కత్తెరతో రెండేసి మాత్రలుగా కత్తిరించినవి, సగం వాటి మీద పేరు ఉన్న ముక్క ఎటో పోయింది. కొన్నింటి మీద పెన్నుతో "పొద్దున", "రాత్రి" అని నాన్న రాత. ఒక గుండ్రటి తెల్ల మాత్ర ఏమిటని అడిగితే "అది గ్యాసుకి" అన్న అమ్మ, కాసేపాగి "కాదు, బీపీకి" అంది. ఈ స్థితిలో ఏ వెబ్‌సైటూ మీకు సాయం చేయలేదు.

ఒక్కో మందుకీ ఐదు సంగతులు రాయండి: అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, మాత్రా క్యాప్సూలా ఇంజెక్షనా, రోజుకి ఎన్ని, నెలకి కొంటారా మూడు నెలలకి కొంటారా. ఇండియా బ్రాండు పేర్లు ఇక్కడ పనికిరావు. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, టెల్మా అంటే టెల్మిసార్టన్, థైరోనార్మ్ అంటే లీవోథైరాక్సిన్, పాన్ 40 అంటే పాంటోప్రజోల్. ఎకోస్ప్రిన్ మామూలు యాస్పిరినే, దానికి ఇక్కడ చీటీ అక్కర్లేదు కాబట్టి పార్ట్ డి కూడా డబ్బివ్వదు.

తర్వాత వచ్చేది అసలు తలనొప్పి. మన డాక్టర్లు ఇష్టంగా రాసే కొన్ని మందులు అమెరికాలో లేనే లేవు. షుగరుకి గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్, బీపీకి సిల్నిడిపిన్, ఇవేవీ ఇక్కడి మందుల షాపులో దొరకవు. గ్లైకోమెట్ జీపీలో ఉండే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ జోడీ కూడా ఒకే మాత్రగా రాదు, రెండు విడివిడిగా రాయించుకోవాలి. కాబట్టి ప్లాన్ వెతకడానికి ముందే ఇక్కడి డాక్టర్ దగ్గరికి డబ్బాతో సహా వెళ్లి, ఇక్కడ దొరికే మందుల్లోకి మార్పించుకోండి. ఇంటర్నెట్ చూసి మీరే మార్చకండి, డోసులు ఒకదానికొకటి సరిసమానం కావు. మార్చేటప్పుడే "దీంట్లో జెనరిక్ ఉన్నదే రాయండి" అని అడగడం మొహమాటం కాదు, ఇక్కడ అందరూ అడుగుతారు. అలా అడగకపోతే విల్డాగ్లిప్టిన్ స్థానంలో చాలా ఖరీదైన బ్రాండు మందు వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది.

ఇన్సులిన్ వాడేవాళ్లు సూదులు, సిరంజీలు కూడా జాబితాలో రాయండి, అవి పార్ట్ డి కిందకి వస్తాయి. షుగరు చూసుకునే స్ట్రిప్పులు మాత్రం పార్ట్ బి. ఎందుకలా అని అడగకండి.

5. డబ్బు లెక్క, ఒక మందుతో

ఏడాది ఎలా నడుస్తుందంటే, మొదట డిడక్టిబుల్, ప్లాన్‌ని బట్టి సున్నా నుంచి గరిష్ఠంగా 615 డాలర్ల దాకా. చాలా ప్లాన్లు చవక జెనరిక్‌లకి దీన్ని వర్తింపజేయవు. అది అయ్యాక మీ వంతు, కొన్ని మందులకి ఇంత అని కోపే, కొన్నింటికి శాతం. మీ జేబులోంచి పోయింది 2,100 డాలర్లకి చేరగానే ఆ ఏడాది మిగతా రోజులకి ప్లాన్‌లో ఉన్న మందులకి మీరు కట్టేది సున్నా. వెనకటి "డోనట్ హోల్" (ఏడాది మధ్యలో ప్లాన్ సాయం తగ్గి ఖర్చు మీ మీద పడే దశ) గురించి పాతవాళ్లు భయపెడుతుంటారు, అది 2025 నుంచి లేదు. 2022 ఆగస్టులో బైడెన్ సంతకం చేసిన చట్టం వల్ల ఈ పరిమితి వచ్చింది, 2025లో 2,000 ఉండేది.

ఆ 2,100లో ఏవి లెక్కకి రావో గుర్తుంచుకోండి: నెలవారీ ప్రీమియం రాదు, ప్లాన్ జాబితాలో లేని మందు రాదు, ప్లాన్ పక్కన పెట్టి డిస్కౌంట్ కార్డుతో కొన్నది మామూలుగా రాదు.

నాన్న వాడే ఆ రక్తం పలచబడే మాత్ర ఎలిక్విస్‌నే తీసుకుందాం. ప్రభుత్వం బేరమాడి ధర తగ్గించిన మొదటి పది మందుల్లో ఇది ఒకటి, 2026 జనవరి నుంచి నెల మోతాదు 231 డాలర్లు. 2023లో దాని జాబితా ధర 521 ఉండేది. పూర్తి డిడక్టిబుల్ ఉండి తర్వాత 25 శాతం వసూలు చేసే ప్లాన్ అనుకోండి. జనవరిలో 231, ఫిబ్రవరిలో 231, మార్చిలో డిడక్టిబుల్‌లో మిగిలిన 153తో పాటు పైన ఉన్న 78లో పావు వంతు, అంటే 172.50. ఏప్రిల్ నుంచి నెలకి 57.75. ఏడాదికి దాదాపు 1,154 డాలర్లు. ఇప్పుడు డిడక్టిబుల్ లేకుండా నెలకి 47 కోపే ఉండే ప్లాన్ ఒకటి ఉంటే ఆ మందుకి 564. ఆ రెండో ప్లాన్ ప్రీమియం నెలకి 30 ఎక్కువైనా, ఏడాదికి 360 పోను ఇంకా మిగులుతుంది. కవరు మీద రాసిన ప్రీమియం చూసి ఎందుకు మోసపోతామో ఇదే లెక్క.

ఆ పది మందుల్లో మనవాళ్ల ఇళ్లలో కనిపించే జానూవియా, జార్డియన్స్, ఫార్సిగా, జరెల్టో, ఎంట్రెస్టో కూడా ఉన్నాయి. జానూవియా 527 నుంచి 113కి వచ్చింది. పార్ట్ డి ప్లాన్లు వీటిని తమ జాబితాలో పెట్టి తీరాలి. ఇన్సులిన్ ఒక్కో రకానికి నెలకి 35 డాలర్లు మించకూడదు, దానికి డిడక్టిబుల్ లేదు. షింగిల్స్ టీకా లాంటివి పెద్దలకి సిఫారసు చేసినవయితే సున్నా.

జనవరి, ఫిబ్రవరుల్లో ఒక్కసారి పడే దెబ్బ తట్టుకోలేమనుకుంటే, ఆ ఖర్చుని ఏడాది పొడవునా నెలనెలా కట్టుకునే ఏర్పాటు ఉంది, వడ్డీ లేదు, ప్లాన్‌కి ఫోన్ చేసి చేరాలి. మొత్తం ఖర్చు మాత్రం తగ్గదు, వాయిదాలు అంతే.

ఆదాయం బాగా ఎక్కువున్నవాళ్లకి, ఒక్కరికి 109,000, దంపతులకి 218,000 డాలర్లు దాటితే, ప్రీమియం మీద అదనపు మొత్తం పడుతుంది, అదీ రెండేళ్ల కిందటి టాక్స్ రిటర్న్ చూసి. ఇల్లు అమ్మిన ఏడాది గుర్తుందా, అది రెండేళ్ల తర్వాత ఇలా పలకరిస్తుంది.

6. ప్లాన్ వెతకడం, అసలు పని

మెడికేర్ డాట్ గవ్ సైటులో ప్లాన్ వెతికే పేజీ ఉంది. ఖాతా లేకపోయినా వాడొచ్చు. జిప్ కోడ్ ఇచ్చి, ఎక్స్‌ట్రా హెల్ప్ (డబ్బు తక్కువున్నవాళ్లకి ఇచ్చే సాయం, ఎనిమిదో అంకెలో చెబుతాను) ఉందో లేదో చెప్పి, మందులు ఒక్కొక్కటే ఎక్కించాలి. ఇక్కడ నిదానంగా వెళ్లండి, ఎందుకంటే ఒకే పేరుతో నాలుగు రకాలు జాబితాలో దిగుతాయి.

మా అమ్మ మెట్‌ఫార్మిన్ ఈఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) ఎక్కిస్తుంటే మూడు వరసలు వచ్చాయి, ఒకటి మామూలు ఈఆర్, ఒకటి పక్కన "ఆస్మ్" అని, ఇంకోటి "మాడ్" అని. నేను చూసుకోకుండా "ఆస్మ్" అని ఉన్నది నొక్కేశాను. చివర్లో అన్ని ప్లాన్లూ భయంకరమైన ధర చూపిస్తున్నాయి. చవక మెట్‌ఫార్మిన్‌కి ఇదేంటని మళ్లీ వెనక్కి వెళ్తే తెలిసింది, ఆ రెండూ వేరే పద్ధతిలో తయారయ్యే ఖరీదైన రకాలు, అమ్మ సీసా మీద ఉన్నది మామూలు ఈఆర్. మెటోప్రొలాల్ కూడా అంతే, సక్సినేట్ వేరు, టార్ట్రేట్ వేరు. ఫార్మసీ సీసా మీద ఉన్న లేబుల్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

తర్వాత ఫార్మసీలు, ఐదు దాకా ఎంచుకోవచ్చు. ఇంటి దగ్గరది ఒకటి, గ్రోసరీ స్టోరులో ఉండేది ఒకటి, పెద్ద చెయిన్‌ది ఒకటి పెట్టి, పోస్టులో తెప్పించుకునే మెయిల్ ఆర్డర్ ధర కూడా చూడండి. అదే ప్లాన్, అదే మందు, రోడ్డుకి ఇటు పక్క షాపులో ఒక ధర, అటు పక్క ఇంకో ధర. ప్రిఫర్డ్ ఫార్మసీ అంటే ప్లాన్‌కి, షాపుకి మధ్య ఒప్పందం ఉన్నదని అర్థం, నాణ్యతతో సంబంధం లేదు.

ఫలితాలు వచ్చాక మందులు, ప్రీమియం కలిపి ఏడాదికి అయ్యే ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి చూడండి. ఆ ఒక్క వరసే మీ వరస. పై మూడు ప్లాన్లు తెరిచి ఒక్కోదాంట్లో మూడే చూడండి: అన్ని మందులూ జాబితాలో ఉన్నాయా, ఏ మందు పక్కనైనా షరతు గుర్తు ఉందా, ఏ నెలలో ఎంత పడుతుంది. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో పెట్టుకోండి, జనవరిలో పనికొస్తుంది. స్టార్ రేటింగులు కూడా కనిపిస్తాయి, రెండు ప్లాన్లకి ఖర్చు దాదాపు ఒకటే అయితే అప్పుడు చూస్తాను, అంతకు మించి వాటికి విలువ ఇవ్వను.

కంప్యూటర్ దగ్గర కూర్చునేవాళ్లు ఇంట్లో లేకపోతే 1-800-633-4227, అది మెడికేర్ ఫోను, దుబాసీ కావాలంటే ఉచితంగా ఏర్పాటు చేస్తారు, "తెలుగు" అని ఇంగ్లీషులో ఒక్క మాట చెప్పి లైన్లో ఉండాలి. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రాలు ఉన్నాయి, టెక్సస్, కాలిఫోర్నియాల్లో వాటిని హైక్యాప్ అంటారు. వాళ్లకి కమీషన్ ఉండదు, అందుకే ఏజెంటు కన్నా ముందు వాళ్ల దగ్గరికి వెళ్లమంటాను. ఏజెంటు చెడ్డవాడని కాదు, తను అమ్మే ప్లాన్ల గురించే చెబుతాడు, అంతే.

7. "మీ ప్లాన్ ఒప్పుకోలేదు" అన్నప్పుడు

మందు పక్కన ఉండే షరతులు మూడు రకాలు. ముందస్తు అనుమతి, అంటే ఈ మందు ఎందుకు కావాలో డాక్టర్ ప్లాన్‌కి రాయాలి. స్టెప్ థెరపీ, అంటే ముందు చవక మందు వాడి పని చేయలేదని చూపించాలి. మోతాదు పరిమితి, నెలకి ఇన్నే ఇస్తామని.

కౌంటర్ దగ్గర కుర్రాడితో వాదించి లాభం లేదు, కంప్యూటర్‌లో వచ్చిందే చెబుతాడు. కొత్త ప్లాన్‌లో చేరిన మొదటి 90 రోజుల్లో, అంతకు ముందు నుంచీ వాడుతున్న మందు జాబితాలో లేకపోయినా, షరతులున్నా, ఒకసారి నెల మోతాదు ఇప్పించుకునే హక్కు ఉంది. దాన్ని ట్రాన్సిషన్ ఫిల్ అంటారు. ఆ మాటే వాడి అడగండి. ఆ నెల లోపల డాక్టర్ చేత మినహాయింపు కోరుతూ పంపించాలి. డాక్టర్ వివరణ అందినప్పటి నుంచి మామూలుగా 72 గంటల్లో, ప్రాణం మీదకొచ్చే పరిస్థితని డాక్టర్ చెబితే 24 గంటల్లో ప్లాన్ జవాబివ్వాలి. కాదంటే అప్పీలుకి 65 రోజుల గడువు.

ఆచరణలో ఆలస్యమంతా డాక్టర్ ఆఫీసులోనే అవుతుంది. ఫ్యాక్స్ వచ్చిందా అని రోజూ ఫోన్ చేయండి. విసుక్కుంటారు, చేయండి.

8. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకి

ఎక్స్‌ట్రా హెల్ప్ అనే సాయం ఉంది, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ద్వారా దరఖాస్తు. 2025 లెక్క ప్రకారం ఒక్కరికి ఏడాది ఆదాయం 23,475 డాలర్లు, దంపతులకి 31,725 లోపు ఉండాలి, ఆస్తి 17,600, దంపతులకి 35,130 మించకూడదు. ఉంటున్న ఇల్లు, కారు ఆస్తిలోకి రావు. పరిమితులు ఏటా పెరుగుతాయి కాబట్టి అంచులో ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు పెట్టండి. దొరికితే జెనరిక్‌కి 5.10, బ్రాండుకి 12.65 డాలర్లకి మించి కట్టక్కర్లేదు, డిడక్టిబుల్ ఉండదు, పైన చెప్పిన ఆలస్యపు జరిమానా కూడా ఉండదు.

దీనికి పైన రాష్ట్రాల పథకాలు వేరే. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు న్యూజెర్సీ వాళ్ల పీఏఏడీ గురించి తప్పకుండా కనుక్కోండి, జెనరిక్‌కి 5, బ్రాండుకి 7 డాలర్లు, 2025లో ఆదాయ పరిమితి ఒక్కరికి 53,446, దంపతులకి 60,690 ఉండేది, అంటే మధ్యతరగతికీ అందేదే. న్యూయార్క్‌లో ఎపిక్, దంపతులకి లక్ష డాలర్ల ఆదాయం దాకా. పెన్సిల్వేనియాలో పేస్, అది లాటరీ డబ్బుతో నడుస్తుంది.

9. ఇండియా ప్రయాణం

అమెరికా బయట కొన్న మందులకి పార్ట్ డి పైసా ఇవ్వదు. వెళ్లడానికి నెల ముందే డాక్టర్ చేత 90 రోజుల చీటీ రాయించుకోండి. "రీఫిల్‌కి ఇంకా టైం కాలేదు" అని షాపువాళ్లు తిప్పి పంపితే, ప్లాన్‌కి ఫోన్ చేసి ప్రయాణం తేదీలు చెప్పి ముందుగా ఇప్పించమని అడగండి. సీసాలు అలాగే పట్టుకెళ్లండి, జిప్ కవర్లలో పోసుకోవద్దని అమ్మకి నేను ప్రతిసారీ చెబుతాను, ప్రతిసారీ పోస్తుంది. అక్కడికి వెళ్లిపోయి ఏళ్ల తరబడి ఉండి, మళ్లీ వచ్చి స్థిరపడేవాళ్లకి, తిరిగొచ్చిన నెల తర్వాత రెండు నెలల దాకా మందుల ప్లాన్‌లో చేరే ప్రత్యేక గడువు ఉంటుంది.

10. చేరాక

సెప్టెంబర్ చివర్లో ప్లాన్ నుంచి వచ్చే ఏడాది మార్పులు చెబుతూ ఒక లావుపాటి కవరు వస్తుంది. చెత్తబుట్టలో పడేయకూడని కవరు అదొక్కటే. ఈ ఏడాది చవగ్గా ఉన్న ప్లాన్ వచ్చే ఏడాది మీ మందుని మీ వంతు ఎక్కువ పడే పై మెట్టుకి తోసేయొచ్చు, షాపుతో ఒప్పందం తెంచుకోవచ్చు. అందుకని అక్టోబర్ 15 తర్వాత ఒక సాయంత్రం ఆరో అంకెలో చెప్పింది మళ్లీ చేయండి, జాబితా ఉంది కాబట్టి రెండోసారి అరగంట పని. మీరు పిలవకుండా ఫోన్ చేసి మెడికేర్ నంబరు అడిగేవాళ్లకి అసలు చెప్పకండి, ప్లాన్లు అమ్మేవాళ్లు అలా చెప్పాపెట్టకుండా ఫోన్ చేయడానికి నియమాలు ఒప్పుకోవు.

జనవరి మొదటివారంలో కొత్త కార్డు మీరే ఫార్మసీకి తీసుకెళ్లి ఎక్కించండి, నాన్న పర్సులో ఉన్న పాత కార్డు తీసేయండి, లేకపోతే అలవాటుగా దాన్నే చూపిస్తారు. రసీదు మీద వేసిన అంకెని అక్టోబర్ స్క్రీన్‌షాట్‌తో పోల్చండి. తేడా ఉంటే సీసా తీసుకునే ముందే, అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి ప్లాన్‌కి ఫోన్ చేయండి, కార్డు వెనకాల నంబరు ఉంటుంది.